ఒట్టు

కరెంటు పోయిన రాత్రి
సోంపేట హాస్టల్ వరండాలో
నూకరత్నం వచ్చి నా కుర్చీ పక్కన నిలబడింది.
తొమ్మిదో తరగతి.
నాన్న వేరావల్ బోట్ల మీద,
అమ్మ ఎండుచేపల గంపతో ఊళ్ల మీద.
"ఎవులికీ సెప్పనని ఒట్టెయ్యి మేడం,
అప్పుడు సెప్తాను."

ఒట్టెయ్యడానికి ఎంతసేపు?
ఆ గుంట నెత్తి నా అరచేతి కిందికే వచ్చి ఉంది.
"అలాగ ఒట్టెయ్యలేనమ్మా.
నీకు కీడు జరిగే మాటైతే
ఆపగలిగినవాళ్లకి చెప్పాలి నేను.
ఎవరికి చెప్తానో ముందు నీకే చెప్తాను."
ఆ కళ్లలో షట్టర్ దిగింది
కిళ్లీకొట్టు రేకులా.
వెళ్లిపోయింది.

మూడు రాత్రులు అదే కుర్చీ.
ఆఫీసు తలుపు బార్లా తీసి, లైటు వేసి
కందిపప్పు పదకొండు కిలోలు,
నేప్‌కిన్లు నాలుగు పెట్టెలు, రాసుకుంటూ.
నా గదికి రమ్మనలేదు.
జడ వేయనా అనీ అడగలేదు,
చేతులు లాగాయి, అది నిజం.
వంటామె పైడితల్లి అంది,
"ఆ గుంటకి తల్లిలాగుంటే ఏటి పోయిందే నీకు?"
తల్లి ఉంది దానికి.
నాకు జీతమిచ్చేది మెలకువగా ఉండడానికి.

మా చిన్నత్త నాకు ఒట్టేసింది.
ఇచ్ఛాపురంలో, పెరట్లో, నా పదమూడో ఏట
నా తల మీద చెయ్యి పెట్టి
ఎవరికీ చెప్పనంది.
చెప్పలేదు.
ఎంత మాట మీద నిలబడే మనిషో, పోయేదాకా చెప్పలేదు.
ఆయన మా ఇంట్లో ప్రతి పండక్కీ భోంచేశాడు.

నాలుగో రాత్రి
నూకరత్నం గుమ్మం మీద కూచుంది,
ఒక కాలు లోపల, ఒకటి బయట.
చెప్పింది.
ఏం చెప్పిందో ఇక్కడ రాయను, అది నాది కాదు.
రాయాల్సిన చోట రాశాను, దాని మాటల్లోనే,
"సేసినాడు"ని "చేశాడు"గా కూడా దిద్దకుండా.
నమ్ముతున్నానన్నాను.
పది తొంభై ఎనిమిది
దాని ముందే నొక్కాను.

తెల్లారకుండానే కమిటీ పెద్దాయన ఫోను:
"హాస్టల్ పేరు పోద్దమ్మా, కొంచెం ఆలోచించు."
ఆలోచించానండీ.
ముప్పై ఏళ్లు.

బోరింగు దగ్గర నూకరత్నం
నా వైపు చూడలేదు. ఇంకా కోపమే.
ఉండనీ.
బకెట్టు వరసలో తన వంతు కోసం
ఎవరితోనో దెబ్బలాడుతోంది,
గట్టిగా.