బకెట్ లేని ఫొటో

సెతూబల్ రేవు పక్కన కొత్త లైబ్రరీ.
మబ్బు విడేదాకా రెండు రోజులు కాచుకున్నాం.
నేను ట్రైపాడ్ మోసేవాణ్ణి.

"మనుషులొద్దు" అన్నాడు ఫొటోగ్రాఫర్.
పేపరు చదువుకుంటున్న బెల్మీరోని లేపాం.
గోడకి ఆనించిన సైకిలు తీశాం.
ఇదాలీనా ఒక్కతే కదల్లేదు,
తుడుపుకర్ర మీద గడ్డం ఆనించి:
"బకెట్ తీస్తే ఎలా?
రాత్రి వాన ఇంకా కారుతోంది."
ఒక్క నిమిషం, అని బతిమాలాను.
ఆ నిమిషంలో ఏడు చుక్కలు.
లెక్కపెట్టింది ఆవిడే.

చలికాలం చివర్న పత్రిక వచ్చింది.
అట్ట మీద తెల్లటి గోడలు,
ఎవరూ ఎన్నడూ తుమ్మనైనా తుమ్మని హాలు,
నేల మీద గుండ్రంగా ఒక మెరుపు.
కింద రాశారు:
"ఇక్కడ వెలుతురు మడుగు కడుతుంది."

ఒక కాపీ ఇదాలీనాకి పట్టుకెళ్లాను.
చేతులు గౌనుకి తుడుచుకుని అందుకుంది.
"నీళ్లు" అంది.
తర్వాత వేలు మెల్లగా జరిపి
ఖాళీ కుర్చీ ముందు ఆపింది.

బల్ల మీద బెల్మీరో కళ్లద్దాలు.
హడావిడిలో మర్చిపోయినట్టున్నాడు.
మూడు నెలలు ఆ బొమ్మని దిద్దాం,
మాలో ఒక్కరికీ కనపడలేదు.

ఆవిడ అప్పటికే
నిండిన బకెట్ ఎత్తుకుని వెళ్లిపోతోంది.