మూడో సీసా

వాన వెలిసిన గంటలోపు పోవాలె.
ఆలస్యమైతే ఒర్రె తేటపడి
అబద్ధం చెప్తుంది.

మొయినాబాద్ దాటి మట్టిబాట తిరిగినంక
స్కూటీ డిక్కీలో ఖాళీ సీసాలు గలగలమంటాయి.
నీళ్లు పట్టడం నా కొలువు,
దినకూలీ లెక్కన.

మొదటి సీసా గుట్ట కింద.
ఇంకా ఎవరి కన్నూ పడని బలుసు పొదలు, వెంపలి,
నాలుగు సీతాఫలం చెట్లు
వానను కొమ్మ కొమ్మకూ ఆపి
మంచీచెడ్డా అడిగి కిందికి దింపుతాయి.
ఆ నీళ్లది పలచటి చాయ్ రంగు.

రెండోది కందిచేను కింద.
వాలుకు అడ్డంగా దున్నిన సాళ్లు, ఒడ్డు మీద గరిక.
ఎర్రగానే వస్తాయి గాని
రాత్రికి అడుగున గోరంత మన్ను దిగుతుంది.
ఆ మాత్రం ఇచ్చుకోవడం చేనుకు అలవాటే.

మూడోది వెంచర్ కింద.
మొన్నటిదాకా అక్కడ జొన్న.
జేసీబీ వచ్చి ఒడ్లు నూకేసి, వాలంతా చెక్కేసి
ముప్పై ఫీట్ల రోడ్లకు సున్నపు గీతలు కొట్టి పోయింది.
ఆర్చీ మీద ఇంగ్లీషులో ఏదో పచ్చని పేరు.
రెండేండ్లాయె.
ఇల్లు ఒక్కటీ లేవలేదు.
మన్ను మాత్రం లేచిపోయింది.

అక్కడివి నీళ్లు కావు, అంబలి.
వంటింటి గూట్లో మూడూ పక్కపక్కన పెడితే
తెల్లారేసరికి మూడోదాంట్లో
మూడు వేళ్ల మందం.

ఆఫీసువాళ్లు దాన్ని ఎండబెట్టి, తూచి
గ్రాముల్లో రిజిస్టరుకెక్కిస్తారు.
నీరటి జంగయ్యకు తరాజు అక్కర్లేదు.
తూము ఎత్తి దించిన చేతులు ఆయనవి,
ఇప్పుడా తూమే పూడికలో ఉంది.
వేళ్ల మధ్య నలిపి చెప్తాడు:
ఇది పెంటయ్య చెల్క.
ఇది సాయిబుల మిరపతోట.
ఇది బుచ్చమ్మది, పెంట బాగా తోలేది పాపం.

మూడో సీసా మన్ను
నలిపి, వాసన చూసి, మళ్లీ నలిపి
లుంగీకి తుడుచుకున్నాడు.
"ఇది ఎవరిదో దొరుకుతలేదు బిడ్డా."

నాకు దొరికింది.
నోరిప్పలేదు.

ప్లాట్ నంబర్ డెబ్బై నాలుగు, తూర్పు ముఖం,
నూట యాభై గజాలు.
మా ఆయన క్యాబ్ తోలిన రాత్రులు, నా చీటీ పైసలు,
ఇంకా ఇరవై ఆరు కిస్తీలు.
కాగితం మీద గజం కూడా తగ్గలేదు.
పొడవు రాస్తారు, వెడల్పు రాస్తారు,
నాలుగు దిక్కులా ఎవరున్నారో రాస్తారు.
కాగితానికి లోతుండదు.
కింద ఎంత మన్నుందో ఏ రిజిస్ట్రారూ అడగడు.

ఆగస్టులో పోయి చూస్తే
నా హద్దురాయి చిగురు జారిన పన్నులా
జానెడు బయటపడి ఉంది.
నా పడకగది, నా పొయ్యిగడ్డ, గుమ్మం ముందు ముగ్గేసే జాగ
ఒర్రెలో దిగి హిమాయత్‌సాగర్ అడుగుకు పోయి పడుకున్నాయి,
నాకంటే ముందే గృహప్రవేశం చేసినట్టు.

ఇంకా తొంబై రెండు ప్లాట్లున్నాయి ఆ గేటు లోపల.
వాళ్ల పేర్లు నాకు తెలియవు.
సీసాలో అందరం కలిసే ఉంటాం.

పోయిన ఆదివారం జంగయ్య దగ్గర
రెండు గోతాల గరిక వేర్లు అడుక్కొచ్చి
డెబ్బై నాలుగు చుట్టూ నాటాను.
ఎందుకని ఆయనా అడగలేదు.
బుధవారానికి పీకి కుప్ప పోసి ఉంది.

వాచ్‌మన్ సైదులు మంచోడే, చాయ్ కూడా తెప్పించాడు.
"గడ్డి మొలిస్తే ఎవరూ పట్టించుకుంటలేరనుకుంటరు మేడమ్.
నున్నగ ఉంటెనే గిరాకి."

చాయ్ తాగాను.
చేవెళ్ల దిక్కున మబ్బు నల్లబడుతోంది.
కుప్పలోంచి ఇంకా పచ్చిగా ఉన్న వేర్లు ఏరి
సీసాల సందుల్లో కుక్కుకున్నాను.
వాన మొదలయ్యేలోపు
సైదులు గేటు దిక్కు పోతే
ఒక వరసన్నా నాటొచ్చు.

వెలిసిన గంటలోపు
సీసా పట్టాలె.