నెట్టిన చేతి పద్దు

అంబత్తూరు ఎస్టేటు, రెండో అంతస్తు.
రాత్రి పదకొండు దాటింది.
తెర మీద, కారు కప్పు మీదికి
ఒక ఇనప పలక దిగుతోంది.
సెకనులో పదో వంతు కథ;
మా పాత సర్వరు దాన్ని
ఆరు గంటలు నములుతుంది.

కారు కదల్లేదు, దేన్నీ గుద్దలేదు.
మొదట్లో శక్తి సున్నా.
అయినా స్తంభం మడతపడేసరికి
రేకు కడుపులో వేల జౌళ్ళు.
ఎక్కణ్ణించి?
కొత్తలో నేనూ అడిగాను.
వైదేగి మేడం పెరుగన్నం కలుపుతూ అంది:
“కదిలింది రాశావు, వంగింది రాశావు, రాసుకున్నదీ రాశావు.
నెట్టిందెవరో రాయలేదే?”
ఆమె తెలుగు తమిళం దాటి నడిచొస్తుంది,
కాస్త ఆలస్యంగా, సూటిగా.

అప్పట్నించి ముందు ఆ గీతే చూస్తాను, బాహ్య పని.
పలక మీది బలాన్ని అది దిగిన ప్రతి వెంట్రుకవాసి దూరంతో
గుణించి, కూడుకుంటూ పోతే
లోపల చేరిందంతా తేలాలి.
పైసా కట్టకుండా వంకర్లు పోయే గళ్ళు కొన్ని ఉంటాయి,
వాటి మీద వేరే కన్నేయాలి.

ఈ రాత్రి లెక్క అతికింది.
నిష్పత్తి ఒకటి.
అతికిందనే సంబరంలో ఇంటికి పోయేదాన్నే.
పలక ఇచ్చింది నాలుగు వేలు,
రేకులో ఉన్నది నాలుగు వేల ఆరొందలు,
స్పర్శ పద్దులో మైనస్ ఆరొందలు!
రాపిడి తింటుంది గాని
ఎక్కడైనా పెడుతుందా?
కాకిలెక్క. మొత్తం సరిపోయే కాకిలెక్క.

వెతగ్గా వెతగ్గా, తలుపు మూల,
బోల్టు తలా రేకూ ముందే
ఒకదాన్లో ఒకటి దూరి ఉన్నాయి.
గీసింది నేనే, పోయిన శుక్రవారం, ఆకలి మీద.
మొదటి క్షణంలోనే తన్నుకున్నాయి,
ఎవరూ నెట్టకుండా.

బోల్టు జరిపి మళ్ళీ పంపాను.
ఇంకో ఆరు గంటలు.
క్యాన్ కింద గ్లాసు పట్టాను.
ఇరవై లీటర్లు, రెండంతస్తులు,
పదమూడొందల చిల్లర జౌళ్ళు.
లిఫ్టు ఆగి ఇది నాలుగో రోజు.
సాయంత్రం ఏకాంబరం మెట్ల మలుపులో
గోడకి వీపు ఆనించి నిలబడ్డాడు,
భుజం మార్చుకోడానికి.

పోతూ పోతూ గేటు రిజిస్టరు చూశాను.
నీళ్ళ క్యాన్లు రెండు వచ్చినవి, అని ఉంది.
వాటంతటవే వచ్చినట్టు.