జానెడు, మూరెడు, బారెడు

మొదట జానెడే అడిగారు.
బల్ల మీద నిలబెట్టే జత,
ఇత్తడి కాడకు అటొకటి, ఇటొకటి.
మనామా సూక్‌లో, గడియారాలు బాగుచేసే కొట్టు పక్క సందులో
మా దుకాణానికి ఫోటో తెచ్చిన మనిషి
ఆ దేశం పేరు రెండుసార్లు పలికాడు,
మూడోసారి కాగితం మీద రాసిచ్చాడు.
సగం పచ్చ, సగం నీలం, నడుమ ఒక తెల్ల పక్షి.
ఎన్ని సముద్రాల అవతలో మేం అడగలేదు.
మాకు తెలిసిన భూగోళం గజాల లెక్కలోనే ఉంటుంది.

సిరిసిల్లలో మరమగ్గం మీద
రాత్రంతా తెల్లబట్ట నేసిన చేతులు నావి.
ఇక్కడికొచ్చాకే తెలిసింది
ఎరుపు ఒక్కటే కాదని,
ఒక్కో దేశానికి ఒక్కో ఎరుపని,
నూలుపోగంత తేడా వస్తే
పెద్ద ఆఫీసులనుంచి ఫోన్లొస్తాయని.

ఈ రాజ్యం జెండాకు ఐదు తెల్లని కోణాలు,
కళ్ళు మూసుకుని కుడతాను.
ఆ పక్షి దగ్గరే సూది ఆగింది.
కటింగ్ మాస్టరు ఇస్లాహుద్దీన్, సియాల్‌కోట్ వాడు,
బట్ట తిరగేసి అడిగాడు:
"ఇటు చూస్తే ఎడమకు ఎగురుతోంది,
అటు చూస్తే కుడికి.
ఇంతకీ ఇది ఇంటికి పోతోందా, ఇంట్లోంచి పోతోందా?"
వచ్చిన మనిషి ఫోన్ చేసి కనుక్కున్నాడు.
అవతలివాళ్ళూ వెంటనే చెప్పలేకపోయారు.

మరుసటి ఎండాకాలానికి మూరెడు.
కారు ముందు భాగానికి.
హోటల్ ఏడో అంతస్తులో రెండు గదులు తీసుకున్నారట,
ఒక దాంట్లో రాయబారి పడుకుంటాడట,
రెండో దాంట్లో దేశం.

అదే ఎండాకాలం
మా కొట్లో సంబంధాలు తెగిపోయాయి.
ఫ్యాన్ మొహం ఎవరివైపు ఉండాలన్నది పేచీ.
పదకొండు రోజులు నేనూ మాస్టరూ
కత్తెరను బల్ల మీద పెట్టి జరుపుకున్నాం,
చేతినుంచి చేతికి ఇచ్చుకోలేదు.
చాయ్ తెచ్చే నేపాలీ పిల్లగాడు దిల్మాన్
అటు మాట ఇటు, ఇటు మాట అటు మోసి
సగం దారిలోనే మింగేశాడు.
మిగిలిన సగంతో రాజీ కుదిరింది.
ఫ్యాన్ ఇప్పుడు గోడను చూస్తుంది.
ఇద్దరికీ చెమటే.

మూడో ఏడు బారెడు.
బారెడని ఊరికే అంటున్నా,
వచ్చిన మనిషి రెండు చేతులూ చాచినా కొలత అందలేదు.
డిప్లొమాటిక్ ఏరియాలో సొంత మేడ,
ముందు తెల్లటి స్తంభం.
శమాల్ గాలికి చిరగకుండా
కొస అంచుకు నాలుగు వరసల కుట్టు.

ఎక్కడ మాట తేడా వచ్చిందో,
ఆరు నెలలకే మేడకు తాళం.
జెండా మడతపెట్టి తెచ్చి "ఉంచండి" అన్నారు.
నలభై ఆరు దినార్ల బాకీ కూడా అలాగే ఉంచారు.
యజమాని అబూ ఫవాజ్ దాన్ని
లోపలి ఇనప అల్మారాలో పెట్టాడు,
నా పాస్‌పోర్టు పక్కన.
ఎనిమిది నెలలు
రెండూ ఒకే చీకట్లో ఉన్నాయి.

ముందు దాన్నే విడిపించడానికొచ్చారు.
దులిపి చూపించాను. చెక్కు చెదరలేదు, రంగు దిగలేదు.
వద్దన్నారు, కొత్తది కుట్టమన్నారు.
వాళ్ళు మెట్లు దిగాక
మాస్టరు దారం కొరికి అన్నాడు:
"రాజీ పడ్డవాళ్ళు పాతబట్ట కట్టుకోరు, భాయ్."

ఒక శుక్రవారం పొద్దున ఇద్దరం నడిచి వెళ్ళాం.
గేటు దగ్గరికి పోలేదు,
రోడ్డుకు ఇవతలే ఆగాం.
సముద్రం వైపునుంచి గాలి.
పక్షి కాసేపు ఎగిరింది,
కాసేపు స్తంభాన్ని కరుచుకుని పడుకుంది.
మాస్టరు రోడ్డు దాటి అవతల నిలబడి
"ఎటు?" అని అరిచాడు.
ఎడమకు, అన్నాను.
"నాకు కుడికి!"
మా మధ్యలోంచి నీళ్ళ ట్యాంకరొకటి పోయింది.

అప్పుడు చూశాను,
కొస మూలన పీచు లేస్తోంది.
ఆ చివరి వరస నా కుట్టు కాదు,
నాకు జ్వరమొచ్చిన రోజు మాస్టరు వేసింది.
తిరిగొచ్చేటప్పుడు
చేపల ధర గురించి మాట్లాడుకున్నాం.