మాట మధ్యలో మొదలు

మొదటి పాట ఒక మాట మధ్యలో మొదలవుతుంది.
"...రం" అంటుంది సున్నివా.
దూరమా, తీరమా, భారమా,
ముందు అక్షరం ఏ సముద్రంలో పడిందో ఎవరికీ తెలీదు.
నలభై ఏళ్లుగా దాని మీద వ్యాసాలు రాశారు.
సాహసమన్నారు. తలుపు లేని ఇల్లన్నారు.
ఆ తలుపు సమయానికి తీయనిది నేనే.

స్టవాంగర్‌లో, మూతపడ్డ సార్డీన్ డబ్బాల ఫ్యాక్టరీలో
స్టూడియో పెట్టిన రెండో చలికాలం.
గోడలకి కోడిగుడ్ల అట్టలు అంటించాం గానీ
పొగబెట్టిన చేపల వాసన
టేపులోకీ ఎక్కిందని నా అనుమానం.
నాకు పందొమ్మిది.
మీటలు నొక్కడం, కాఫీ కాయడం,
పెద్దవాళ్లు గొంతు పెంచితే మాయమవడం నా పని.

అంతకు ముందు సున్నివా అంటే ఒక గిటారు,
పెళ్లి విందుల్లో బల్లలు చరుస్తూ అందరూ అందుకునే చరణాలు.
పడవ వెళ్లింది, పడవ వచ్చింది,
నడుమ ఒక ఎర్ర స్వెటరు.
ఆ స్వెటరు డబ్బుతోనే ఓస్లో కంపెనీ
మూడో అంతస్తు లేపిందని చెప్పుకునేవాళ్లు.

ఫిబ్రవరిలో వచ్చింది. గిటారు తేలేదు.
వెంట ముగ్గురు:
రేవులో రాత్రి కాపలా కాసే రైదార్,
వీపు మీద తనకన్నా పొడవైన డబుల్ బాస్;
బాస్ క్లారినెట్ ఊదే యోరున్, పగలంతా పళ్లు పీకే డాక్టరు;
డ్రమ్స్‌కి ఒడ్వార్, ప్రతి మాటకీ ముందు దగ్గేవాడు.

ఒడ్వార్‌తో అంది:
"తాళం వెయ్యకు.
వానలో గుమ్మం ముందు నిలబడి
కోటు జేబుల్లో తాళంచెవి వెతుక్కుంటున్నట్టు వాయించు."
అతను దగ్గి, బ్రష్షులు అందుకున్నాడు.
ఒక జేబు. ఇంకో జేబు. చిల్లర.
మళ్లీ మొదటి జేబు.
పాట అయిపోయేదాకా ఇంట్లోకి వెళ్లనే లేదు.

పల్లవి కోసం కాచుకు కూర్చున్నాను.
అది వచ్చినట్టే వచ్చి
అప్పులవాడు ఎదురైనట్టు
పక్క సందులోకి తిరిగిపోయింది.

రైదార్ ఒకే స్వరం పట్టుకున్నాడు,
పొగమంచులో ఓడలు కేకేసుకునే స్వరం,
కాపలా రాత్రుల్లో విన్నది,
రెండు మెట్ల మధ్య గాల్లో ఆగిపోయిన కాలు లాంటిది.
ఆమె గొంతు దాన్ని తాకబోయి, తాకక,
వెంట్రుకవాసి కిందికి జారింది.
అపస్వరం అనుకుని అద్దం వెనక కళ్లు మూసుకున్నాను.
తెరిచేసరికి
అదే ఇంటి యజమాని, మిగతా స్వరాలన్నీ అద్దెకున్నాయి.

మూడో రోజు, సైగ చెయ్యకుండానే ఎత్తుకుంది.
నా చేతిలో బిస్కట్ పొట్లం.
మీట నొక్కేసరికి మాట సగమైపోయింది.
తొమ్మిది నిమిషాలు.
అటువంటి తొమ్మిది నిమిషాలు రెండోసారి రావని
గదిలో దగ్గే మనిషి కూడా దగ్గలేదు.

చెప్పాను. చెవులు కాలిపోతుండగా చెప్పాను.
హెడ్‌ఫోన్స్ పెట్టుకుని మొత్తం విన్నది.
"ఉండనీ," అంది,
"నా దగ్గరికి మొదట్నుంచీ వచ్చినవాళ్లు ఎవరు గనక!"
నా బిస్కట్లలో రెండు తీసుకుని వెళ్లిపోయింది.

కంపెనీ మనిషి తడి బూట్లతో నిలబడే విన్నాడు.
"మరి ఎర్ర స్వెటరు ఏదీ?"
"ఉతికాను. కుంచించుకుపోయింది."

పదకొండు వందలు అమ్ముడుపోయాయి.
మిగతావి అట్టపెట్టెల్లో తిరిగొచ్చి
ఫ్యాక్టరీ మెట్ల కింద చాలాకాలం సార్డీన్ల వాసన పీల్చాయి.

ఇప్పుడు నా చెవులకి సన్నటి శబ్దాలు అందవు.
రికార్డు పెడితే ఒడ్వార్ జేబులు ఖాళీ.
రైదార్ ఓడ మాత్రం వస్తుంది,
నేలలోంచి, కుర్చీ కాళ్లలోంచి.

మొన్న ఒక కుర్రది ఫోన్ చేసి అడిగింది:
ఆ పోయిన అక్షరం ఏమిటి, మీరు అక్కడే ఉన్నారుగా?
ఉన్నాను. అద్దంలోంచి ఆమె నోరే చూస్తున్నాను.
వినపడలేదు.
పెదాలు కలవలేదు, అంతవరకే చెప్పగలను.
అంటే
భారం కాదు.