పరుపు మీది గుంత

పరుపుల సంగతి నన్నడుగుండ్రి.
తొమ్మిదేండ్లు మోసిన.
పండుకొని కాదు, నిలబడి తెలుసుకున్న.
లోకమంత పరుపు మీద పండుకుంటది,
షార్జాల పరుపే నా మీద పండుకున్నది.

స్ప్రింగుది నిజాయితీ గల్లది.
బరువుంటది గని వంగది.
మెట్ల మలుపు కాడ గోడకు తాకితే
లోపల్నించి చిన్నగ మూలుగుతది, గంతే.

లేటెక్స్ అట్ల కాదు,
చచ్చిన బర్రెను ఎత్తినట్టు.
ఇటు పడితే అటు జారతది,
ఇద్దరి నాలుగు చేతులు సాలయి.
నేనూ లింబాద్రీ దానికి పెండ్లికొడుకని పేరు పెట్టినం:
అందరు మోయాలె, అది మాత్రం కాలు కింద పెట్టది.

మెడికల్ పరుపని ఇంకోటుంటది.
అట్ట లెక్క గట్టి, డాక్టరు ఫీజు లెక్క ధర.
"నడుము నొప్పికి ఇదే మందు" అని
సేల్స్‌మన్ అబ్బాస్ చెప్తుంటే
దాన్ని నెత్తిన పెట్టుకొని నిలబడ్డ నా నడుము
లోలోపల నవ్వుకుంటది.

మెమరీ ఫోమ్ చుట్ట చుట్టుకొని వస్తది.
ప్లాస్టిక్ కోయంగనే బుస్సుమని గాలి పీల్చి
గదంత పరుసుకుంటది.
ఏసీల గట్టిపడతది, ఎండకు మెత్తబడతది,
మా సూపర్వైజరు దీనికి ఉల్టా.
అబ్బాస్ గిరాకి చెయ్యి పట్టి దాని మీద ఒత్తిపిస్తడు.
తీసినంక అయిదు వేళ్లు అచ్చు పడి ఉంటయి.
"చూసిండ్రా, యాది పెట్టుకుంటది" అంటడు.
నేను లెక్కపెట్టిన:
ఒకటి, రెండు, మూడు, నాలుగు.
ఐదుకు చెయ్యి లేదు.

అల్ నహ్దాల పద్నాలుగో అంతస్తు.
లిఫ్టుల పట్టలె, మెట్ల మీదికెల్లే మోసినం.
ఓ ముసలామె, ఏ దేశపామెనో,
కొత్త పరుపును రెండు చేతుల్తోని తడిమి
హిందీ ముక్కలు ఏరుకొని అడిగింది:
"దీని మీద నిద్ర వస్తదా బేటా?"
గోడ పైలం, నేల పైలం అనేటోళ్లే గని
ఇన్నేండ్లల్ల గీ మాట అడిగినోళ్లు లేరు.
వస్తదమ్మా అన్న.
పాతది కిందికి దించుతుంటే చూసిన,
ఇద్దరు పట్టే వెడల్పుల
ఒక్క దిక్కే అరిగి ఉన్నది.

ఇగ నాది.
సజా క్యాంపుల కింది మంచం.
(ఆ పేరు విన్నప్పుడల్లా లింబాద్రి నవ్వుతడు,
శిక్ష పడ్డోనికి సిరునామ సుత గదేనాయె అని.)
మూడంగుళాల స్పాంజి,
మధ్యల పోయి ఒకటిన్నర మిగిలింది.
కుట్లల్ల నల్లులు.
పగటీలి మొఫిజుల్ పండుకుంటడు, రాత్రి నేను.
వాడు రొట్టెల ఫ్యాక్టరీల నైట్ డ్యూటీ.
నేను వచ్చేసరికి వాడు పోయుంటడు,
వాడు వచ్చేసరికి నేను బండెక్కి ఉంట.
ముఖం కన్నా వాని గుంత నాకు ఎక్కువ ఎరుక:
ఎడమ దిక్కు ఒరుగుతడు,
మోకాళ్లు కడుపులకు ముడుసుకుంటడు,
దిండు కాడ పిండి వాసన, జర పులిసినట్టు.
మొదట్ల ఆ గుంతల ఒళ్లు ఒదగకపోయేది.
ఆర్నెల్లకు నా నడుము సుత ఎడమకే ఒరిగింది.

మొన్న రంజాన్ అయినంక
పక్క సల్లగున్నది.
ఒక రోజు. రెండు రోజులు. వారం.
వీసా అయిపోయిందని ఒకలన్నరు,
కంపెనీ మారిండని ఇంకొకలన్నరు.
ఎవ్వల్నడిగినా ఆఖరికి
"నువ్వే కదా వాని పక్కోనివి" అన్నరు.

ఇప్పుడు పరుపంత నాదే.
మధ్యల పండుకొని చూసిన. కుడికి చూసిన.
లింబాద్రి దుకాణంల చినిగిన ఫోమ్ ముక్క తెచ్చి
"గుంతల వేస్కోరాదు, సమానమైతది" అన్నడు.
తీసుకున్న.
మంచం కింద పెట్టిన.

లైట్లు బందైనంక
ఎడమకు ఒరిగి, మోకాళ్లు ముడుసుకొని
మెల్లగ గుంతలకు దిగుత.
పిండి వాసన ఇంకా ఉన్నది, జరంత.

పొద్దుగాల ఐదింటికి బండి.
రెండు కింగ్ సైజులు,
ఒక పెండ్లికొడుకు.