రాగి పిప్పి

పోలయ్య దుర్గం దిగొచ్చేసరికి పొద్దు నడినెత్తి మీదికొచ్చింది.
మోదుగాకు మూత తీస్తే
డబ్బాలో తేనె, తేనెలో రెండు రెక్కలు,
సగం తేనెటీగ.
"కుంకుడు పూతదమ్మా, ఈ యేడు వాన లేటు,
పట్టుకి బరువు లేదు" అన్నాడు.
బరువు లేనిదానికి బరువైన ధరే చెప్పాడు.
బేరమాడలేదు. అతని మోచేతి మీద వాపులు లెక్కపెట్టుకుని
ఇచ్చేశాను.

అప్పటికి రాగులు నానేసి మూటగట్టి మూడో రోజు.
మొలకలు గుడ్డని పొడుచుకుని బయటికి చూస్తన్నాయి.
మేడ మీద ఎండబెట్టి రవ్వ పట్టించాను.
"సంగటికా టీచరమ్మా?" అన్నాడు మర ఖాదరు.
నేను టీచర్ని కాదు, అది సంగటికీ కాదు.
రెంటికీ కలిపి ఒకటే "ఊఁ" అన్నాను.

కాలేజీ ల్యాబులో
కప్పల్ని ఫార్మలిన్లో నిలవుంచే చేతులివి.
ఇంటికొచ్చి సబ్బుతో మూడుసార్లు కడిగి
వేణ్ణీళ్లలో రవ్వ పోసి,
వేలు ముంచితే అబ్బా అని తీసేసేంత వేడి,
అంతకి మించకుండా, తగ్గకుండా
గంటసేపు పొయ్యి దగ్గర
జొరమొచ్చిన బిడ్డ నుదురు తడిమినట్టు.
ఉదయగిరి నర్ది గరిటె తిప్పేకొద్దీ
గంజి పల్చబడింది, తియ్యబడింది.
వడకట్టి, మరగనిచ్చి, చల్లారాక
చిట్టచివర తేనె.
ముందే పోస్తే కొండ వాసనంతా ఆవిరైపోద్ది.
బేకరీ రఫీ పొట్లంగట్టిన ఈస్టు ఒక చెంచాడు.
పాలక్యాను మూతలోంచి సెలైను ట్యూబు,
దాని కొస నీళ్ల సీసాలో.

ఎందుకు చేస్తన్నానో అడిగితే చెప్పలేను.
తెల్లారుజామున
బుడుక్.

ఐదో రోజు మాలకొండమ్మత్త వచ్చింది.
ఆ ముక్కుకి ఎవరూ చెప్పాల్సిన పని లేదు.
ముప్పై ఏళ్ల కిందట కారం ముంత కొంగులో దాచుకుని
సారా జీపుకి అడ్డం పడుకున్న మనిషి.
ప్యాకెట్లు కుప్పబోసి అగ్గి పెట్టిన రాత్రి
ఎడమచేతి వేళ్లు రెండు కాలి అతుక్కుపోయాయి.
ఆ చేత్తోనే ఇప్పటికీ బర్రె పాలు పిండుతుంది.

చెప్పులు విడవకుండానే వంటింట్లోకొచ్చి
క్యాను ముందు గొంతుక్కూచుంది.
"ఏంది మే ఇది?"
"తేనే, రాగులూ."
"అది కనపడతానే ఉండాది. ఇదేంది?"
బుడుక్, అంది క్యాను నా తరఫున.

"ఎవరికమ్ముతా?"
"ఎవరికీ లేదత్తా."
"ఎవరి కూలి డబ్బులు పడతయ్యి ఇందులో?"
"నా జీతం."
"తాగి ఎవర్ని కొడతా?"
ఇంట్లో నేనూ, ట్యూబులైటు పక్కన బల్లీ.
ఆమె కూడా బల్లి వైపు చూసింది.

నవ్వలేదు. చాలాసేపటికి
సీసాలో నీళ్లకేసే చూస్తా అంది:
"ఆ రాత్రి ఒక ప్యాకెట్టు కొరికినా మే.
ఎవురికీ చెప్పలా.
నా కమ్మలు, నా కోళ్లు,
పెద్దోడి పలకతో సహా తీసకపోయి ఇచ్చినాడే మీ మామ,
అంత రుచి ఏముండాదో చూద్దామని.
కిరసనాయిలు మే.
వట్టి కిరసనాయిలు.
కూసింత తీపన్నా ఉంటే
పోన్లే అనుకునుండేదాన్ని."

ఆగి, "ఇది తీపేనా?"

ల్యాబులో పిల్లలకి చెప్పినట్టు మొదలుపెట్టాను.
తీపినే తింటదత్తా ఈస్టు.
తిన్నకొద్దీ ఊపిరి వదుల్తది, ఈ బుడగ అదే.
పదిహేను రోజులకి తీపంతా పోయి
తేనె వాసన మాత్రం...

మధ్యలోనే లేచింది.
మేడెక్కి, ఆరబోసిన రాగి పిప్పి గుప్పెడు తీసి
నలిపింది, వాసన చూసింది, నాలిక మీదేసుకుంది.
"దీన్నేం జేస్తా?"
"పారేస్తా."
"సిగ్గు లేదూ. యూరియా సంచి తే."

సంచి నెత్తినెత్తుకుని గేటు దాకా పోయి తిరిగింది.
"ఎక్సైజోళ్ల కానిస్టేబులు వెనక వీధిలోనే.
కిటికీ మూసుకో."

మర్నాడు గడపలో చెంబెడు పాలు.
రాగి వాసనేమన్నా వస్తదేమోనని
కాచకుండానే ఒక గుక్క తాగి చూశాను.

పాలే.
వంటింట్లో బుడుక్.